రెండు రేకుల మధ్య దాగిన తుప్పు

శంషాబాద్‌లోని ఓ విమానాల మరమ్మతు హ్యాంగర్‌లో నా ఉద్యోగం. లోహాన్ని కోయకుండా, విప్పకుండా లోపల ఏముందో చెప్పాలి. ఎక్కువ పని ల్యాప్ జాయింట్ల దగ్గరే. అంటే అల్యూమినియం రేకు అంచు మీద ఇంకో రేకు అంచు వేసి రివెట్లు కొట్టిన చోటు. పైన పెయింట్ నిగనిగలాడుతుంటుంది. తేమ ఆ సందులోకి దూరి రేకులను లోపలివైపు నుంచి తినేస్తుంది. అల్యూమినియం తుప్పు తెల్లటి పొడి. అది తిన్న లోహం కన్నా ఆరింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుకే కుట్టుకీ కుట్టుకీ మధ్య బొంత ఉబ్బినట్టు రివెట్టుకీ రివెట్టుకీ మధ్య రేకు ఉబ్బుతుంది. తొలి దశలో ఆ ఉబ్బు కంటికి ఆనదు.

అప్పుడు ఎడ్డీ కరెంట్ పరికరం అందుకుంటాం. పెన్నులాంటి ప్రోబ్‌లో సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో ఏసీ కరెంటు పారితే, కింద ఉన్న అల్యూమినియంలో సుడులు తిరిగే కరెంట్లు పుడతాయి. ఇవి తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని ఎదిరిస్తాయి. తుప్పు పట్టి లోహం పలచబడిన చోట ఆ ఎదిరింపు మారుతుంది. వెంటనే స్క్రీన్ మీద చుక్క కదులుతుంది.

ఏ లోతు చూడాలన్నది ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 100 కిలోహెర్ట్జ్ దగ్గర ఈ కరెంట్లు సుమారు 0.4 మిల్లీమీటర్ల లోతుకే బాగా బలహీనపడతాయి. 1 కిలోహెర్ట్జ్‌కి దించితే దాదాపు 4 మిల్లీమీటర్ల దాకా చేరతాయి. రెండో రేకు సంగతి తెలియాలంటే ఫ్రీక్వెన్సీ తగ్గించక తప్పదు. కానీ తగ్గించే కొద్దీ చిన్న గుంటలు తప్పించుకుంటాయి. రేకుల మధ్య ఎడం పెరిగినా చుక్క కదులుతుంది. అందుకే రెండు ఫ్రీక్వెన్సీలతో చూసి, ఎడం ఏదో, అరుగుదల ఏదో విడదీస్తాం.

పని మొదలుపెట్టే ముందు నమూనా పలక తీస్తాను. అదే లోహం, అదే మందం. వెనకవైపు కొలిచి 10 శాతం, 20 శాతం చెక్కిన భాగాలుంటాయి. ప్రోబ్‌ని పైకెత్తితే చుక్క అడ్డంగా పక్కకు, పలచబడిన చోట పెడితే పైకి వెళ్లేలా సరిచేస్తాను. ఈ పని పూర్తయ్యేదాకా విమానం మీద ప్రోబ్ పెట్టను.

ఇంత పట్టింపు ఎందుకో 1988 ఏప్రిల్ 28 చెబుతుంది. హవాయిలో హిలో నుంచి హొనోలులు వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు 24 వేల అడుగుల ఎత్తులో సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. సిబ్బందిలో ఒకరైన క్లారబెల్ లాన్సింగ్ ప్రాణం పోయింది. పైలట్లతో సహా మిగతా 94 మంది ప్రాణాలతో మావీ ద్వీపంలో దిగగలిగారు. ఆ విమానం అప్పటికి 89,680 సార్లు ఎగిరింది, అదీ ఉప్పుగాలిలో. జాయింట్లలో జిగురు ఊడి, తేమ చేరి, రివెట్ల రంధ్రాల దగ్గర పగుళ్లు పాకాయి. నిర్వహణ వ్యవస్థ వాటిని ముందే పట్టలేకపోయిందని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది.

ఆ బోర్డు నివేదికలో నన్ను కదిలించింది తనిఖీదారుల గురించిన భాగం. మీటరు, ప్రోబ్, లైటు మోసుకుంటూ పరంజాలు ఎక్కడం, ఒక్కోసారి పడిపోకుండా తాళ్లు కట్టుకోవడం, ఒకదాని తర్వాత ఒకటిగా రివెట్లు చూస్తూ పోవడం. అందరం చేసే పనే అది. పరికరాలు ఎంత మెరుగుపడినా చుక్క కదలికను గమనించాల్సింది ఒక మనిషి కన్నే. ఆ కన్ను అలసిపోకముందే విశ్రాంతినివ్వాలి, షిఫ్టు చివర్లో తొందరపెట్టకూడదు. విమానం ఆలస్యమైందని విసుక్కునే ప్రయాణికులను కూడా నేను కోరేది అదే: తనిఖీకి పట్టే సమయం పట్టనివ్వండి.