కడలి గర్భంలో కొండచరియలు

తూర్పు కనుమల చేరువలోని నర్సీపట్నం ప్రాంతంలో వానలు ముమ్మరమైతే వరాహ నది నీరు ఎర్రబారుతుంది. కొండవాలులను కోసిన వాన ఆ మన్నును ఏటికి ఇస్తుంది. ఏరు దానిని బంగాళాఖాతానికి అప్పగిస్తుంది. నది సాగరంలో కలిసినంతనే కథ ముగిసినదని మనం భావిస్తాము. కాని మట్టి ప్రయాణం అక్కడితో ఆగదు.

తీరం నుండి సుమారు 200 మీటర్ల లోతు వరకు సముద్రపు అడుగు మెల్లమెల్లగా పల్లమవుతుంది. ఇది ఖండతీరపు అంచు. ఆ పిమ్మట అది మరింతగా వాలి, వేల మీటర్ల లోతునకు దిగిపోతుంది. ఇది ఖండతీరపు వాలు. వరాహ వంటి చిన్న నదుల వంతు స్వల్పమే. గోదావరి, కృష్ణ వంటి మహానదులు తెచ్చిన ఒండ్రు మాత్రం యుగయుగాలుగా ఈ వాలుపై పొరలు పొరలుగా పేరుకొన్నది. సుమారు 20,000 సంవత్సరాల క్రితం, హిమయుగంలో, సముద్రమట్టం నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. నాడు నదులు అంచుదాకా సాగి, తమ మట్టిని వాలు చెంతనే కుమ్మరించేవి.

ఆ మట్టి జారిపోక ఎట్లు నిలుస్తున్నది? రేణువుల బరువు వాటిని కిందికి లాగుతుంది. రేణువుల మధ్య రాపిడి వాటిని పట్టి నిలుపుతుంది. ఈ రెండింటి తులాభారమే వాలు స్థిరత్వం. మట్టి నిదానంగా పేరుకొంటే రేణువుల నడుమ నీరు పైకి తప్పుకొంటుంది, పొర గట్టిపడుతుంది. మట్టి వేగంగా వచ్చి పడితే ఆ నీటికి దారి దొరకదు. పైబరువును రేణువులకు మారుగా నీరే మోస్తుంది. పట్టు సడలుతుంది. అప్పుడు ఒకటి రెండు డిగ్రీల వాలైనా జారవచ్చును. భూకంపం అందుకు నిమిత్తమాత్రమవుతుంది.

1929 నవంబరు 18న కెనడా తూర్పు తీరానికి ఆవల భూకంపం సంభవించి వాలు జారినది. ఆ బురద ప్రవాహం సముద్రగర్భంలోని 12 టెలిగ్రాఫు తీగలను ఒకదాని తరువాత ఒకటిగా తెంచివేసినది. అప్పుడు లేచిన సునామీకి 28 మంది బలియైనారు. 1998లో పాపువా న్యూగినీలో రెండు వేలకు పైగా ప్రాణాలను హరించిన అలలకు కూడ సముద్రగర్భంలో చరియ జారుటయే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుల నిర్ణయం.

మన తీరానికి ఈ విషయం కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య మహదేవన్, అమెరికా శాస్త్రజ్ఞుడు లఫాండ్ 1950వ దశకంలో సముద్ర పరిశోధనలు సాగించినారు. మన ఖండతీరపు వాలుపై లోతైన అగాధదరులు ఉన్నట్లు వెల్లడైనది. వాటిలో కొన్నింటికి ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అనే పేర్లు స్థిరపడినవి. 2006లో కృష్ణా–గోదావరి బేసిన్‌లో మంచువంటి గ్యాస్ హైడ్రేట్లు దొరికినవి. ఇవి మీథేను, నీరు కలిసి గడ్డకట్టిన నిక్షేపాలు. రేపటి ఇంధనమని వాటిపై ఆశ. అయితే వేడి పెరిగినా, ఒత్తిడి తగ్గినా అవి కరగి వాయువును విడుస్తాయి. చుట్టూ ఉన్న మట్టి బలహీనపడుతుంది. కనుక వాటిని వెలికితీయుటకు ముందే వాలు బలాన్ని తూచిచూడవలసి ఉన్నది.

2004 సునామీ అనంతరం, 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడినది. దూరాన పుట్టిన అల తీరం చేరేలోగా జనులను హెచ్చరించుటకు వ్యవధి ఉంటుంది. చేరువలోని వాలు జారితే చిక్కేవి కొన్ని నిమిషాలే. అందువలన ఏ వాలు ఎంత దృఢమో ముందుగా ఎరిగి ఉండుటయే తీరవాసులకు మేలైన రక్షణ.