నీళ్ళు పోయాక మిగిలే భయం

"ఎలుకను చూసి మనిషి మనసు ఎలా చెబుతారే?" అని మన క్లాసులో ఒకమ్మాయి నన్నడిగింది. తెలుగుతో పాటు సైకాలజీ అలైడ్ పేపరుగా చదువుతున్నాను కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నాకే వస్తాయి. వరండాలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదిది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

యుద్ధమో, దాడో, ప్రమాదమో, వరదో జరిగిపోయాక కూడా కొందరి మనసూ శరీరమూ అది ఇంకా జరుగుతూనే ఉన్నట్టు ఉంటాయి. దీన్ని వైద్యులు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. పొట్టిగా పీటీఎస్‌డీ. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో ఈ పేరును 1980లో చేర్చింది. వద్దన్నా గుర్తుకు రావడం, పీడకలలు, ఊరికే ఉలిక్కిపడటం, మనసు మొద్దుబారడం దీని లక్షణాలు. ఆ సంగతిని గుర్తుచేసే చోట్లనీ, మనుషుల్నీ, మాటల్నీ తప్పించుకు తిరగడం ఇంకొకటి.

ఎలుకకు పీడకల వచ్చిందో లేదో మనకు తెలీదు. కానీ అది దేన్ని తప్పించుకుంటోందో కళ్ళారా చూడొచ్చు, గడియారం పెట్టి కొలవచ్చు. జంతు నమూనా అంటే జబ్బు మొత్తం కాదు, అందులో కొలవడానికి వీలైన ఒక భాగం అన్నమాట.

1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తింది. పావ్లోవ్ ప్రయోగశాలలో కుక్కలుండే చోటికి నీళ్ళొచ్చేశాయి. వాటిని ఈదించుకుంటూ బయటికి తెచ్చారు. తరవాత చూస్తే కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చుకున్నది పోగొట్టుకున్నాయి. మెల్లగా మళ్ళీ దారిలో పడ్డాక, ఒక కుక్క ఉన్న గదిలోకి తలుపు కింద నుంచి సన్నటి నీటిధార వదిలారు. అంతే, మళ్ళీ చెదిరిపోయింది. వరద పోయింది గానీ కుక్కలో మిగిలింది.

ఆ భయం తనంతట తనే ఎందుకు తగ్గిపోదు? దీనికి జవాబు హార్వర్డ్‌లో రిచర్డ్ సాలమన్, లైమన్ విన్ చేసి 1953లో ప్రచురించిన ప్రయోగంలో ఉంది. ఒక పెట్టె, దానికి రెండు అరలు, మధ్యలో కుక్క దూకగలిగినంత అడ్డు. ఒక సూచన ఇచ్చిన పది సెకన్లకు నేల నుంచి షాక్ కొడుతుంది. అవతలి అరలోకి దూకితే షాక్ ఉండదు. కొద్దిసార్లకే కుక్కలు సూచన రాగానే, షాక్ కొట్టకముందే దూకడం నేర్చేసుకున్నాయి. తరవాత షాక్ పూర్తిగా ఆపేశారు. అయినా కుక్కలు దూకుతూనే ఉన్నాయి, కొన్నయితే వందలసార్లు!

ఇక షాక్ రాదని తెలియాలంటే ఒక్కసారైనా దూకకుండా నిలబడి చూడాలి. కుక్క నిలబడదు. పైగా దూకిన ప్రతిసారీ దానికి 'హమ్మయ్య' అనిపిస్తుంది. ఆ హమ్మయ్యే దానికి బహుమతి. 1947లో మౌరర్ చెప్పిన రెండు మెట్ల సిద్ధాంతం ఇదే. మొదట భయపడటం నేర్చుకుంటాం, తరవాత ఆ భయం నుంచి ఊరటనిచ్చే పని నేర్చుకుంటాం. ఆ ఊరటే భయాన్ని పోకుండా కాపాడుతుంది.

మా ఇంట్లో కింది వాటాలో ఉండే అత్తయ్యగారు 2015 డిసెంబరు వరద చూసినావిడ. ఇప్పటికీ చినుకు పడితే చాలు, సామాను మంచం మీదికెక్కించి పైన మా ఇంటికి వచ్చేస్తారు. వాన వెలిసి, ఏమీ కాకపోతే, "పైకొచ్చాం కాబట్టి సరిపోయింది" అంటారు. ఆవిడకు జబ్బని నేననడం లేదు. చెన్నైలో ఉంటూ వానకు జాగ్రత్తపడటం తెలివే. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ పెట్టె గుర్తొస్తుంది. పైకి రాకపోయినా ఏమీ అయ్యేది కాదని ఆవిడకు తెలిసే అవకాశమే లేదు.

ఎడ్నా ఫోవా రూపొందించిన చికిత్స ఈ ముడి మీదే పనిచేస్తుంది. శిక్షణ పొందిన మనిషి తోడుగా, భద్రమైన చోట, రోగి తను తప్పించుకుంటున్న జ్ఞాపకం దగ్గరికి కొద్దికొద్దిగా వెళ్తారు. నీళ్ళంటే భయపడేవాళ్ళను నీళ్ళలోకి తోసెయ్యడం కాదిది. ఇలా చేసినా పాత భయం చెరిగిపోదు, దాని పక్కన 'ఇప్పుడు ఫరవాలేదు' అనే కొత్త పాఠం చేరుతుంది. అందుకే ఎప్పుడో ఒకనాడు పాతది తిరిగి తలెత్తవచ్చు. ఇదీ జంతువుల్లో చూసి తెలుసుకున్నదే.

ఇక మనకు బాగా సంబంధించిన సంగతి. పీటీఎస్‌డీ మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో దాదాపు రెండింతలు ఎక్కువ. అయినా దశాబ్దాలుగా ఈ ప్రయోగాలు ఎక్కువగా మగ ఎలుకల మీదే జరిగాయి. ఆడ ఎలుకల హార్మోన్ల చక్రం లెక్కల్ని తారుమారు చేస్తుందని వంక చెప్పేవారు. ఎలుక కదలకుండా బిగుసుకుపోతే భయపడినట్టు, లేకపోతే లేనట్టు అని కొలత పెట్టుకున్నారు. 2015లో రెబెకా షాన్‌స్కీ బృందం ఆడ ఎలుకల్నీ కలిపి చూసింది. షాక్‌ను గుర్తుచేసే శబ్దం వినగానే చాలా ఆడ ఎలుకలు బిగుసుకుపోవడానికి బదులు ఒక్క ఉదుటున పరుగు తీశాయి. మగవాటిలో ఆ పరుగు తక్కువ. పాత కొలత ప్రకారం పరుగెత్తిన ఎలుక భయం నేర్చుకోనట్టు లెక్క. నిజానికి అదీ నేర్చుకుంది, కాకపోతే దాని భయం వేరే రూపంలో బయటపడింది.

ఎలుకతో మనిషిని పూర్తిగా చెప్పలేం. 'నలుగురూ ఏమనుకుంటారో' అనే బెంగ ఎలుకకు లేదు, జరిగినదానికి తనదే తప్పని కుమిలిపోవడమూ లేదు. ఆ కుక్కలు పడ్డ బాధ చదువుతుంటే నాకు కష్టంగానే ఉంది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఇలాంటి ప్రయోగాల మీద నిఘాకు ఒక కమిటీ ఉంది. అది ఉండాల్సిందే.

అంత బాధ పెట్టి తెలుసుకున్నదాన్ని మనం వాడుకోకపోతే ఎలా? ఒకమ్మాయి ఫలానా బస్సు ఎక్కదు, ఫలానా వీధి నుంచి రాదు, ఆ మాటెత్తితే నవ్వేసి లేచిపోతుంది. ఏడవడం లేదు కదా, బాగానే ఉందనుకోకండి. "ఇంకా అదేనా, మర్చిపోవే" అని కూడా అనకండి. లాక్కెళ్ళి ఆ బస్సు ఎక్కించనూ వద్దు. చెప్పాలనిపించినప్పుడు వినండి. నెలలు గడిచినా తగ్గకపోతే కౌన్సెలరు దగ్గరికి తోడు వెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. ఫోను చెయ్యడానికి డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.