బంతి మన దగ్గర లేనప్పుడు

మా ఆదోని హాస్టల్లో హాకీ ఆడేవాళ్లం 16 మందిమి, ఉన్న స్టిక్కులు 9. స్టిక్కు దొరికినవాళ్లు ఆడేవాళ్లు, దొరకనివాళ్లు గట్టున కూర్చునేవాళ్లు. ఆడేవాళ్లమైనా బంతి ఎక్కడుంటే అక్కడికే గుంపుగా పరుగెత్తేవాళ్లం. ఎమ్మిగనూరులో స్నేహపూర్వక మ్యాచ్ ఆడి 5 గోల్స్ తేడాతో ఓడిపోయాం. తిరుగు బస్సులో ఎవ్వరం నోరు విప్పలేదు.

మరుసటి రోజు పి.ఇ.టి. సారు మా చేత ఒక లెక్క చేయించారు. మ్యాచ్ 60 నిమిషాలు, రెండు జట్లూ కలిపి 22 మంది. బంతి ఎప్పుడూ ఎవరో ఒకరి దగ్గరే ఉందనుకున్నా, సగటున ఒక్కొక్కరికి 3 నిమిషాలు కూడా రాదు. మిగతా 57 నిమిషాలు మీరేం చేస్తున్నారని అడిగారు. తలలు దించుకున్నాం.

తమ్ముళ్లూ, తర్వాత మేము నేర్చుకున్నది ఇది. మనవాడి దగ్గర బంతి ఉంటే అతని పక్కకు చేరకండి. మీ వెంట ఎదుటివాడూ వస్తాడు, అప్పుడు మనవాడికి ఇద్దరు అడ్డమవుతారు. దూరంగా, మీ స్టిక్కు అతనికి కనబడే చోటికి జరగండి. మీకూ బంతికీ నడుమ ఎదుటివాడుంటే ఎంత అరిచినా పాసు రాదు. నాలుగడుగులు పక్కకు వేస్తే దారి దొరుకుతుంది.

ఒక్కోసారి బంతి రాదని తెలిసీ పరుగెత్తాలి. డిఫెండరు మన వెంటబడితే, అతను వదిలిన ఖాళీలోకి ఇంకొకడు వచ్చి గోల్ కొడతాడు. పేరు కూడా వాడికే. దీనికి ఒప్పుకోవడానికి మాకు చాలా రోజులే పట్టింది!

1998లో ఆఫ్‌సైడ్ నియమం ఎత్తేశారు కనుక ఫార్వర్డు గోల్‌పోస్టు దగ్గరే కాచుకొని ఉండవచ్చు. 'డి' లోపలికి వచ్చిన బంతికి స్టిక్కు ఆనించినా గోలే. అయితే ఎదుటివాడు బంతిని అందుకోకుండా ఒంటితో అడ్డు నిలిస్తే ఫౌలు.

బంతి పోయిందా, వెంటనే బంతికీ మన గోల్‌కూ మధ్యకు వచ్చేయాలి. ఎవరిని పట్టుకోవాలో వెనకనుంచి అరిచి చెప్పేది గోల్‌కీపరే. చిత్తూరు జిల్లాలో పుట్టిన రజని భారత జట్టుకు ఆడింది ఆ స్థానంలోనే.

సాధనకు స్టిక్కులే అక్కరలేదు. టెన్నిస్ బంతితో చేతులతో ఆడాం. బంతి పట్టినవాడు కదలకూడదు, మిగతావాళ్లే కదిలి దారి చూపాలి. ముగ్గురి మధ్య బంతి తిరుగుతుంటే ఒకడు అడ్డుకోవాలి. గట్టున కూర్చునేవాళ్లే ఇందులో ముందు ఆరితేరారు. వానకు నల్లరేగడి కాళ్లకు అంటుకుంటే వరండాలోనే ఆడేవాళ్లం, ట్యూబులైటు పగిలేదాకా.

మళ్లీ ఎమ్మిగనూరు వెళ్లి 2-1తో ఓడాం. మా ఒక్క గోల్ పడేముందు, తొమ్మిదో తరగతి తమ్ముడొకడు కుడివైపు పరుగెత్తి ఇద్దరు డిఫెండర్లను తన వెంట లాక్కుపోయాడు. వాడికి బంతి తగలనేలేదు. బస్సులో ఆదోని వచ్చేదాకా వాడి పరుగు గురించే మాట్లాడుకున్నాం.