సైరన్ లేని డ్యూటీ

నెల క్రితం మంచిర్యాల వైపు నుంచి ఒక తండ్రి తన ఇరవై ఏడేళ్ల కొడుకును మా ఓ.పి.కి తీసుకువచ్చాడు. కుర్రవాడికి కళ్లు మంటలు. మెడ నుంచి కుడిచేతి వేళ్ల దాకా తిమ్మిరి. ఆకలి లేదు, నిద్ర అసలే లేదు. బి.పి. 150/96 ఉంది.

"ఏం పని చేస్తావు బాబూ?" అని అడిగాను.

హైదరాబాదులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇంట్లోంచే పని చేస్తున్నాడట. అందులో ఉన్నది ఆరుగురే. పని ఇచ్చేవారు అమెరికాలో.

"రాత్రంతా మంచం మీదనే లాప్‌టాప్ ముందట కూసుంటడు సారు. పొద్దుగాల పంటడు, ఫోనొస్తే మళ్ల లేస్తడు. నేను ముప్పై ఏండ్లు సింగరేణి బాయిల పని జేసిన. సైరన్ మోగితే దిగుతుంటిమి, మోగితే ఎక్కుతుంటిమి. వీనికి సైరనే లేదు" అన్నాడు తండ్రి.

రోగమేమిటో ఆయనే చెప్పేశాడు.

2020 లాక్‌డౌన్‌తో ఈ ఉద్యోగాలు మన ఊళ్లకు వచ్చాయి. ఆ జూలైలోనే కరీంనగర్‌లో ఐ.టి. టవర్ ప్రారంభమైంది. పిల్లలు సొంత ఊళ్లో ఉండి సంపాదించుకోవడం మంచిదే. అయితే పెద్ద కంపెనీలో ఒకరు దిగితే మరొకరు ఎక్కుతారు. చిన్న సంస్థలో అర్ధరాత్రి సర్వర్ ఆగినా ఆ ఒక్కడే లేవాలి.

భూగర్భంలో పనికి 1952 నాటి గనుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు హద్దు పెట్టింది. ఇంట్లో కుర్చీలో కూర్చున్నవాడికి హద్దు అక్కర్లేదనుకోవద్దు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35-40 గంటలు పనిచేసేవారి కంటే పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి.

న్యూయార్క్‌లో ఉదయం 9 అయితే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. వాళ్ల పగలంతా మన రాత్రే. చీకటి పడగానే మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరి, శరీరాన్ని నిద్రకు సిద్ధం చేస్తుంది. కళ్లముందు వెలుగుంటే అది తగ్గిపోతుంది. పగటి నిద్ర దానికి సాటిరాదు. అందునా ఆదిలాబాద్ ఎండల్లో!

మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు వాలే రెప్పలు తెర ముందు సగానికి పైగా తగ్గుతాయి. కన్నీటి పొర ఆరి మంట పుడుతుంది. తల బరువు సుమారు అయిదు కిలోలు. గంటల తరబడి వంచితే ఆ భారమంతా మెడ మీదే పడుతుంది.

ఇలాంటి ఉద్యోగులు పాటించవలసినవి:

1. పని ముగించే వేళ ముందే యజమానితో మాట్లాడుకోండి. రాత్రి పిలుపులను వంతులవారీగా పంచుకోండి.

2. రోజూ ఒకే వేళకు, ఏకధాటిగా ఏడు గంటలు నిద్రపోండి. పడుకునే ముందు ఆరు గంటల్లో టీ, కాఫీలు వద్దు.

3. మంచం మీద పని మానండి. బల్ల, కుర్చీ వాడండి. లాప్‌టాప్ కింద పుస్తకాలు పేర్చి తెరను కంటి ఎత్తుకు తెచ్చి, విడి కీబోర్డు వాడండి.

4. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడండి. అరగంటకోసారి లేవండి. రోజూ అరగంట వేగంగా నడవండి.

5. కంటి చుక్కలు, నిద్రమాత్రలు సొంతంగా కొనకండి. చేతిలో పట్టు తగ్గినా, ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి రండి.

6. ఒంటరితనం, దిగులు వేధిస్తే 14416కు ఫోన్ చేయండి. ఇది 2022లో మొదలైన ప్రభుత్వ టెలీమానస్ సేవ. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఒక్కసారి చూసి బి.పి. రోగి అని ముద్ర వేయకూడదు గనుక, మందు రాయకుండా ఈ పద్ధతులే చెప్పి పంపాను. మూడు వారాల తర్వాత వచ్చాడు. బి.పి. 134/86. తిమ్మిరి తగ్గింది. రాత్రి పనిని ఆరుగురూ వంతులు వేసుకున్నారట.

"వంతు లేని నాడు రాత్రి పదకొండు గొట్టంగనే నేనే సైరన్ లెక్క మొత్తుకుంటున్న సారు" అని నవ్వాడు తండ్రి.

ప్రతి ఇంట్లో రిటైరైన బాయి కార్మికుడు ఉండడు. ఎవరి సైరన్ వారే మోగించుకోవాలి.