ఖాకీని తూచేటప్పుడు కుర్చీని మరువరాదు

జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగేసరికి వీధి మలుపులో పోలీసు వ్యాను కనిపిస్తుంది. దాన్ని చూడగానే మనలో కొందరు 'వీళ్లంతా ఒక్కటే' అని పళ్లు నూరుతారు. మరికొందరు 'మనకెందుకొచ్చిన గొడవ' అని తలొంచుకుని సాగిపోతారు. ఈ రెండూ సరైన పద్ధతులు కావు. పగ ఉన్నవారి విషయంలో సైతం న్యాయం తప్పవద్దని దివ్య ఖుర్‌ఆన్ మాయిదా సూరాలో మనకు ఆదేశం ఉంది. పోలీసులు ఆ ఆదేశానికి మినహాయింపు కారు. అయితే న్యాయంగా తూచడమంటే తప్పును మాఫీ చేయడం కాదు. ఎవరి తప్పును వారి ఖాతాలో రాయడం.

ఇందుకు హాషింపురా ఉదంతాన్ని మించిన పాఠం లేదు.

ఒకే రాత్రి, రెండు ముఖాలు

1987 మే 22. రంజాన్ మాసపు చివరి శుక్రవారం. మతకల్లోలాలతో అట్టుడుకుతున్న ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ పట్టణం. అక్కడి హాషింపురా మొహల్లాలో సోదాలు జరిపి మగవారిని వీధిలో నిలబెట్టారు. వారిలో నలభైమందికి పైగా ఏరి, సాయుధ పోలీసు దళమైన పీఏసీ వారు తమ ట్రక్కులో ఎక్కించుకుపోయారు. చీకటిపడ్డాక మురాద్‌నగర్ వద్ద గంగ కాలువ ఒడ్డున కొందరిని, మకన్‌పూర్ వద్ద మరో కాలువ ఒడ్డున మిగిలినవారిని కాల్చి నీళ్లలో పడేశారు. బతికి బయటపడినవారు కొద్దిమందే.

ఈ ఘోరం చేసినవారు ఖాకీ తొడిగినవారే. ఇందులో దాచవలసింది ఏమీ లేదు. కానీ అదే రాత్రి కబురందుకుని కాలువ గట్టుకు పరుగెత్తినదీ ఖాకీ తొడిగినవారే. అప్పటి గాజియాబాద్ ఎస్పీ విభూతి నారాయణ్ రాయ్ శవాల మధ్య ప్రాణాలతో మిగిలిన ఒక యువకుణ్ణి బయటికి తీయించారు. సాటి పోలీసులే ముద్దాయిలని తెలిసి కూడా కేసు నమోదు చేయించారు. ఆ కాగితమే లేకుంటే తరువాతి కోర్టు పోరాటానికి పునాదే ఉండేది కాదు. కల్లోలాల వేళ మైనారిటీలు పోలీసులను ఎందుకు నమ్మలేకపోతున్నారో ఆ తరువాత ఆయనే పరిశోధన చేశారు. దానికి ఫెలోషిప్ ఇచ్చింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీయే.

కుర్చీ నడిపిన తతంగం

కేసు గాజియాబాద్ పోలీసుల చేతి నుంచి రాష్ట్ర సీఐడీకి మారింది. ఆపైన ఏళ్లు దొర్లిపోయాయి. 19 మందిపై చార్జిషీటు దాఖలయ్యేసరికి 1996 వచ్చింది. కోర్టు ఇరవైకి పైగా వారెంట్లు పంపినా 2000 వరకు నిందితులు హాజరు కాలేదు. వారు కొండల్లో దాక్కున్నవారు కారు, సర్కారు జీతం తీసుకుంటున్నవారు! బాధితుల విన్నపంపై 2002లో సుప్రీంకోర్టు కేసును ఢిల్లీకి మార్చింది. 2015 మార్చిలో కింది కోర్టు అందరినీ వదిలేసింది. చివరకు 2018 అక్టోబరు 31న ఢిల్లీ హైకోర్టు, బతికి ఉన్న 16 మందికీ యావజ్జీవ శిక్ష విధించింది. అప్పటికి 31 ఏళ్లు గడిచాయి. వారిలో కొందరికి 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు బెయిలు కూడా ఇచ్చింది.

ఈ మూడు దశాబ్దాల్లో లక్నో గద్దెపై కాంగ్రెస్, జనతాదళ్, బీజేపీ, సమాజ్‌వాదీ, బీఎస్పీ అన్నీ కూర్చున్నాయి. మన ఓట్లకోసం టోపీ పెట్టి ఇఫ్తార్లిచ్చినవారు వారిలో ఎందరో! సొంత ఉద్యోగులను కోర్టు బోనెక్కించడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు. ట్రిగ్గరు నొక్కిన వేలు కొన్ని క్షణాల్లో పని ముగించింది. దాన్ని కాపాడిన చేయి ఏళ్ల తరబడి పనిచేసింది.

మన ఊరి గాయం

2007 మే 18 కూడా శుక్రవారమే. మక్కా మస్జిదులో బాంబు పేలి తొమ్మిదిమంది మరణించగా, వెలుపల పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు బలయ్యారు. ఆపై అనుమానం పేరిట మన యువకులెందరినో పట్టుకుపోయి హింసించారన్న ఆరోపణలు వచ్చాయి. వారు నిర్దోషులుగా బయటపడ్డాక 2012లో ప్రభుత్వం పరిహారం, ప్రవర్తనా పత్రాలు ఇచ్చింది. పోయిన చదువులు, చెదిరిన పెళ్లి సంబంధాలు ఏ పత్రంతో తిరిగొస్తాయి? పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్‌లో కోర్టు విడుదల చేసింది. మరి మస్జిదులో బాంబు పెట్టిందెవరు? ఈ ప్రశ్న పోలీసు స్టేషన్ గడప దగ్గరే ఆగదు, సచివాలయం దాకా వెళుతుంది.

బదిలీ అనే కొరడా

నిజాయితీపరుడైన అధికారిని లొంగదీయడానికి లాఠీ అక్కరలేదు, బదిలీ ఉత్తర్వు చాలు. 1861 నాటి పోలీసు చట్టం ఆ పగ్గాలను ప్రభుత్వాల చేతికిచ్చింది. ఆ పగ్గాలు వదులు చేయమని సుప్రీంకోర్టుకెక్కిన ప్రకాశ్ సింగ్ స్వయంగా మాజీ డీజీపీ. 2006 సెప్టెంబరు 22 నాటి తీర్పులో రాష్ట్ర భద్రతా కమిషన్లు, డీజీపీకి కనీసం రెండేళ్ల పదవీకాలం, పోలీసులపై ఫిర్యాదులకు ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఏర్పాటు చేయాలని కోర్టు ఆదేశించింది. దాన్ని మనస్ఫూర్తిగా అమలు చేసిన ప్రభుత్వం ఏది? ఓటడగడానికి గుమ్మంలోకి వచ్చిన ప్రతి నాయకుణ్ణీ మనం అడగవలసిన ప్రశ్న ఇది.

మనం చేయవలసింది

ఇక మన వంతు. ఫిర్యాదు నోటితో చెప్పి ఊరుకోవద్దు, ఎఫ్ఐఆర్ నకలు అడగండి. అది ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో కాదంటే ఎస్పీకి పోస్టులో పంపండి. ఇంటివారినెవరినైనా అరెస్టు చేస్తే, సాక్షి సంతకంతో అరెస్టు పత్రం రాయాలనీ, బంధువులకు కబురు చేయాలనీ 1996 నాటి డి.కె. బసు తీర్పు చెబుతోంది. పోలీసులందరినీ తిట్టకండి, తప్పు చేసినవాడి పేరు, తేదీ, స్థలం రాసిపెట్టుకోండి. మేలు చేసిన కానిస్టేబుల్ గురించి కూడా అంతే శ్రద్ధగా పై అధికారికి రాయండి. వేధింపుకు గురైన నిజాయితీపరుడికి ఆ ఉత్తరమే ఆసరా కావచ్చు.

జుల్మ్ చేసినవాడు మనవాడైనా జాలిమే, న్యాయం చేసినవాడు పరాయివాడైనా ఆదిలే. ఈ తక్కెడను మన చేతిలో నిటారుగా పట్టుకున్నప్పుడే, పాలకుల తక్కెడలోని మోసాన్ని వేలెత్తి చూపే అర్హత మనకు దక్కుతుంది.