దాత పేరు చెరపవద్దు
కాలేజీ సంచిక కోసం మా విద్యార్థి ఒకడు తెలుగు ఫాంటు తెచ్చాడు. "ఉచితమే, మాస్టారూ!" అన్నాడు. ప్రెస్సుకు పంపబోతూ ఫోల్డరు విప్పి చూద్దును గదా, అక్షరాలున్నాయి గాని లైసెన్సు కాగితం లేదు! చేతులు మారడంలో ఎక్కడో జారిపోయింది. ఆ కాగితం లేకపోతే హక్కులన్నీ కర్తవే. మరొకరికి ఇవ్వడానికి మనమెవరం?

2007 నాటి ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఎంతో ఉదారమైనది. ఫాంటును వాడుకోవచ్చును, మార్చుకోవచ్చును, పంచవచ్చును. ముఖ్యంగా కోరేది, ఫాంటును విడిగా అమ్మరాదనీ, హక్కుదారు పేరూ లైసెన్సు పాఠమూ ప్రతి నకలుతోనూ పోవాలనీ.

అందుకే డెబియన్ వారు ప్రతి ప్యాకేజీతోనూ కాపీరైట్ ఫైలు విధిగా జతచేస్తారు. 'ఓఎఫ్ఎల్-1.1' అని పొట్టి గుర్తు వ్రాస్తే యంత్రం సైతం పోల్చుకుంటుంది. ఎస్పీడీఎక్స్ అనే ఆ గుర్తుల పద్ధతి 2021లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

మేము ఆ ఫాంటు పక్కనపెట్టి, కాగితంతో దొరికిన మరొకటి తెచ్చుకున్నాం. దానం పుచ్చుకుని దాత పేరు చెరపడం మన ఇంటా వంటా లేదు గదా!