ఎర్రధూళి ఊళ్లో నున్నటి దారి

గేటు నుంచి గుమ్మం దాకా రాళ్లు, రెసిన్ కలిపిన దారి వేయించుకోవాలంటే బచేలిలో రంగు సంగతి తర్వాత. ముందు వాన లెక్క చూసుకోవాలి.

బచేలిలో తెల్ల చొక్కా, తెల్ల కారు, తెల్ల గచ్చు ఎన్నాళ్లో తెల్లగా ఉండవు. ఊరిని ఆనుకునే బైలాడిలా కొండలు. ఎద్దు మూపురాన్ని తలపిస్తాయని వాటికి ఆ పేరు. అక్కడి 5వ నంబరు నిక్షేపంలో ఎన్‌ఎండీసీ 1977లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇనుప ఖనిజం రైలెక్కి విశాఖ దారి పడుతుంది. సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే కాబట్టి తెలుగు కుటుంబాలకు ఈ ఊరు కొత్త కాదు. ఖనిజం వెళ్లిపోయినా ధూళి మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. వేసవిలో పొడిగా లేస్తుంది, జూన్ వచ్చిందంటే బురదై కాళ్లకు చుట్టుకుంటుంది.

ఇలాంటి చోట కారు బురద తొక్కకుండా ఇంట్లోకి రావాలని ఎవరికుండదు? సిమెంటు గచ్చు వేస్తే పని తేలికే. కానీ దానిమీద పడ్డ వాన వీధిలోకో, పక్కింటి ప్రహరీ కిందికో పారుతుంది. రెసిన్ దారికి ఆదరణ వచ్చింది ఇక్కడే. 2 నుంచి 6 మిల్లీమీటర్ల రాళ్లను కడిగి, ఆరబెట్టి, వంద కిలోలకు సుమారు 6 నుంచి 8 కిలోల రెసిన్ కలిపి, తాపీతో 18 మిల్లీమీటర్ల మందాన పరుస్తారు. రాళ్లకు రెసిన్ పూత మాత్రమే అంటుతుంది, వాటి మధ్య సందులు అలాగే ఉంటాయి. నీరు ఆ సందుల్లోంచి కిందికి ఇంకుతుంది. ఇంగ్లండ్‌లో 2008 అక్టోబర్ నుంచి ఇంటి ముందు 5 చదరపు మీటర్లకు మించి నీరింకని గచ్చు వేసి, వాననీటిని తోటలోకి మళ్లించకపోతే అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. అక్కడ ఈ పద్ధతి గిరాకీకి అదీ ఒక కారణమే.

అయితే పైన కనిపించే నునుపు అసలు పనిలో చిన్న భాగమే. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు దారికి పై పొరలో పట్టే రాళ్లు ముప్పాతిక టన్ను, రెసిన్ 50 కిలోల చుట్టుపక్కల. దాని కింద 150 మిల్లీమీటర్ల మందాన కంకర పరవాలంటే 3.6 ఘనపు మీటర్లు కావాలి. ఆ రెంటి మధ్య నీరింకే తారు కాంక్రీటో, ఇసుక కలపని కాంక్రీటో ఉండాలి. ఖర్చు తగ్గిద్దామని పాత సిమెంటు గచ్చుమీదే రెసిన్ పరిచేస్తే నీరు రాళ్లలోకి దిగి అక్కడే ఆగిపోతుంది. చూడ్డానికి తేడా తెలియదు. మొదటి జడివానలో తెలుస్తుంది.

బచేలికి ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది. ఇక్కడి ధూళి మరీ సన్నం. కొండమీది ఖనిజపు ఒండ్రు శంకిని నదినే ఎర్రబార్చిందన్నది ఈ ప్రాంతంలో ఏళ్లనాటి ఫిర్యాదు. నదినే వదలని ఒండ్రు రాళ్ల మధ్య సన్నని సందును వదులుతుందా? ఊడవకుండా, ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ప్రెషర్ పంపుతో కడగకుండా వదిలేస్తే సందులు పూడుకుపోయి, ఇంత డబ్బు పోసి వేయించిన దారి చివరికి సిమెంటు గచ్చులాగే నీటిని పారిస్తుంది. ఆ ఓపిక లేనివారు సందులు వదిలి పరిచిన తాండూరు బండలతో సరిపెట్టుకోవడమే మేలు. వేయించుకోవాలనుకుంటే మాత్రం గోధుమ, ఇటుక రంగు రాళ్లు ఎంచుకోవాలి. లేతరంగు రాళ్లు ఇక్కడ ఒక్క వానాకాలం కూడా నిలవవు. కొండ దగ్గరే ఉంది కదా అని ఖనిజపు గులకరాళ్లు తెచ్చి కలిపే ఆలోచన అసలే వద్దు. అది గనుల చట్టంతో పేచీ.

కాంట్రాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న రెసిన్ ఏ రకమన్నది. ఎపాక్సీ ఎండకు పసుపుపచ్చబడుతుంది. ఎండను తట్టుకునే పాలీయురేథేన్ కావాలి. ‘రెసిన్ పని’ పేరిట నేలకు జిగురు పూసి పైన రాళ్లు చల్లే పద్ధతీ ఉంది. అది చవకే, కానీ నీటిని ఇంకనివ్వదు. పాలీయురేథేన్‌కు తడి తగిలితే నురగ కట్టి పాలిపోతుంది. అందుకే వానాకాలంలో పని పెట్టుకోకూడదు. చలికాలంలోనూ మంచు ఆరి ఎండ ఎక్కాకే కలపడం మొదలుపెట్టాలి. కలిపాక పరచడానికి దొరికేది నిమిషాల వ్యవధే. మధ్యలో టీకి వెళ్లే పని కాదు.

ఇక ముగ్గు మాట. తెలుగింటి వాకిట్లో దీన్ని ఏ ఇంజనీరూ లెక్కలోకి తీసుకోడు. రోజూ వేసే ముగ్గుపిండి సందుల్లోకి జారుతుంది, గీతా సరిగా పడదు, పైగా ధూళితోపాటు అదీ పూడికే. గుమ్మం ముందు మూడడుగుల మేర కడప బండ పరిచి, రెసిన్ దారిని అక్కడి నుంచి గేటు వైపు మొదలుపెడితే సరిపోతుంది. పని పూర్తయ్యాక చివరి బిల్లు చెల్లించేముందు నాలుగైదు చోట్ల బకెట్టు నీళ్లు గుమ్మరించి చూసుకోవాలి. నీళ్లు నిలిచిన చోటు ఉంటే కాంట్రాక్టరు ఊళ్లో ఉండగానే విప్పించి మళ్లీ వేయించాలి.